ప్రెషర్ పైపు మీద పెట్టిన చెయ్యి

మా చిన్నప్పుడు... మౌలాలి గుట్ట వెనకాల కంకర యార్డులో ఒక పాత ట్రాక్టర్ లోడరు ఉండేది. ముందు పెద్ద ఇనుప బకెట్, దాన్ని ఎత్తే రెండు ఇనుప చేతులు, వాటి వెంట నల్లటి రబ్బరు పైపులు. ఆ పైపుల్లో పరుగెత్తే నూనె ఒత్తిడికే బండెడు కంకర పైకి లేచేది.

మా నాయిన ఆ యార్డులో మెకానిక్. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం సద్ది గిన్నె నేనే తీసుకెళ్లేదాన్ని. ఇచ్చి వచ్చేయమని అమ్మ చెప్పేది... నేను మాత్రం ఆ మిషను ముందు కూర్చుని నాయిన్ని ప్రశ్నలతో చంపేదాన్ని.

ఒకరోజు నేను వెళ్లేసరికి నాయిన లోడరు దగ్గరే ఉన్నాడు. ముందురోజే దాని కుడివైపు పైపు పగిలి నూనె చిమ్మింది. రెండు పైపులూ ఒకేసారి వేసినవి, ఒకే ఎండకు ఎండినవి. ఎడమ పైపు మీదా పగుళ్లు... లోపలి ఇనుప తీగ బయటికి కనబడుతోంది.

"సేట్, రెండూ మారుద్దాం. ఇది సుత ఇయ్యాల్నో రేపో పోతది," అన్నాడు నాయిన యజమానితో.

"పోయినప్పుడు చూద్దాం తియ్ నర్సింగ్. నడిచేదాన్ని ఎవడన్న ఇప్పుకుంటడా? జల్ది షురూ చెయ్, లారీలు నిలబడ్డయ్."

నాయిన పని ఎంత పద్ధతిగా ఉండేదో! బకెట్‌ను నేలకు దించించాడు. ఇంజిన్ ఆపించి, లివర్లు అటూ ఇటూ ఆడించి లోపలి ఒత్తిడి వదిలించాడు. ఒక పానాతో ఫిట్టింగును కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పాడు. దుమ్ము పోకుండా తెరిచిన మూతికి శుభ్రమైన గుడ్డ చుట్టాడు. కొత్త పైపు మీద పొడుగునా ఒక గీత ఉంది. అది మెలి తిరిగితే పైపు తొందరగా చస్తుందని నాకు చూపించి మరీ బిగించాడు.

ఇన్ని తెలిసిన మనిషికి ఒక్క సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు.

డ్రైవర్ ఖాజా ఇంజిన్ నడిపి, కంకర నిండిన బకెట్‌ను పైకెత్తి పట్టాడు. "అన్నా, బకెట్ దానంతటదే దిగుతుంది!" అని అరిచాడు. నాయిన కొత్త ఫిట్టింగులు చూశాడు. పొడిగా ఉన్నాయి. ఎడమవైపు పాత పైపు దగ్గర, ఎండలో, సన్నటి పొగలాంటిది నాకు కనబడింది.

"నాయినా, గా పైపు నుంచి పొగ వస్తుంది!"

చూపించింది నేనే.

నూనె ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి పట్టుకోవడం అప్పటి మెకానిక్కుల అలవాటు. కంటికి దొరకని చిల్లు అరచేతికి దొరుకుతుందని వాళ్ల గర్వం. నాయిన పైపు వెంట అరచెయ్యి జరుపుకుంటూ పోయాడు... ఒక చోట చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

చూపుడు వేలి మొదట్లో ఎర్రటి చుక్క. ముల్లు గుచ్చుకున్నంతే. నెత్తురు కూడా రాలేదు.

"ఏందన్నా, మిషిన్ నీకే సూదేసిందా?" ఖాజా నవ్వాడు.

"దీనికి డాక్టర్‌ను నేను... ఉల్టా నాకే ఏస్తుంది సూడు!" నాయినా నవ్వాడు. నేనూ నవ్వాను.

చేతులు కడుక్కుని, అదే చేత్తో పచ్చిపులుసు అన్నం కలుపుకుని తిన్నాడు. తీరిగ్గా తిన్నాడు.

నాకు పొగలా కనబడింది చిల్లులోంచి చిమ్ముతున్న నూనె. ఆ ఒత్తిడికి అది సూదిలా చర్మాన్ని పొడిచి, ఆ చుక్కలోంచి లోపలికి పోయింది. మొదట నొప్పి ఉండదు. చర్మం కింద కండ చచ్చిపోతూ ఉంటుంది... అంతే.

సాయంత్రానికి వేలు తెల్లబారి బిర్రబిగుసుకుంది. బస్తీ డాక్టరు ధనుర్వాతం సూది వేసి, పట్టీ కట్టి పంపాడు. అమ్మ ఉప్పు కాపడం పెట్టింది. తెల్లారేసరికి మణికట్టు దాకా ఉబ్బింది. పెద్దాసుపత్రి డాక్టరు అడిగింది ఒకటే... "ఎన్ని గంటలైందమ్మా?" అమ్మ చెప్పింది. ఆలస్యమైందని, ఆయన వెంటనే ఆపరేషన్‌కు పంపాడు.

రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి మళ్లీ ముడుచుకోలేదు. ఆ చెయ్యి ఇంకెప్పుడూ పానా పట్టలేదు. అమ్మ బడిలో ఆయాగా చేరింది.

యజమాని చూడటానికి వచ్చి ఏమన్నాడో తెలుసా? "గంత తెలివిగల్లోడివి, చెయ్యెందుకు వెట్టినవ్ నర్సింగ్? జెర చూసుకోవాలె గద!" తర్వాత యార్డుకు దిష్టి తగిలిందని లోడరు ముందు గుమ్మడికాయ కొట్టించాడు. నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించాడు. మరి ఆ పైపు? చిల్లు పడ్డ ముక్క కోసేసి, మధ్యలో జాయింటు వేయించి, మళ్లీ అదే బిగించారని ఖాజా తల దించుకుని చెప్పాడు.

నాయిన ఉన్నన్నాళ్లూ "నువ్వే గదా చూపించినవ్" అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాకు తెలుసు, మీలో కొందరు కింద కామెంట్లలో రాస్తారు... "ఆ రోజుల్లో మనుషులు దేనికీ భయపడేవాళ్లు కాదండీ" అని. భయపడి పని ఆపితే రేపు పని ఉండదు కాబట్టి భయపడలేదు! ఎడంగా నిలబడి ఒక అట్టముక్క అడ్డం పెడితే చాలు, నూనె మరక పడి చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒక్క అట్టముక్క! ఆ ముక్క చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నిందించడానికి మాత్రం అందరికీ వచ్చింది.

పోయిన వారం బోయిగూడలో రోడ్డు తవ్వుతున్నారు. కొత్త మిషను, ఏసీ క్యాబిన్. డ్రైవరు దిగి, నడుస్తున్న మిషను పైపు వెంట అరచెయ్యి జరుపుతున్నాడు. స్కూటర్ ఆపి అరిచాను... "తమ్మీ, చెయ్యి తియ్!"

"ఏం గాదు మేడం, మాకు అలవాటే," అని నవ్వాడు. నా మొహం చూసి చెయ్యి తీశాడు. నేను మలుపు తిరిగేదాకా మాత్రమే తీసి ఉంటాడు.

మిషన్లు మారాయి, రంగులు మారాయి, లోపల చల్లగాలి వచ్చింది... చేతులు మాత్రం ఇంకా చిల్లులు వెతుక్కుంటూనే ఉన్నాయి. "తనే చూసుకోలేదు" అని మీ ఇంట్లోనూ మూసేసిన గాయం ఒకటి ఉంటే, ఇక్కడ రాయండి. ఆ రోజు పని ఆపనివ్వనిది ఎవరో... అది కూడా రాయండి.