మిషను మీద చెప్పుకాలు

మొదటిరోజు ఆ మిషను మీద కాలు పెట్టానో లేదో, పలుపు తెంచుకున్న గేదెలా పరిగెత్తింది. "ఆగు, ఆగవే!" అని నేను తెలుగులో అరుస్తూనే ఉన్నాను. అది ఎర్రటి తోలు మీద మూరెడు కుట్టు అడ్డదిడ్డంగా వేసి పారేసింది. పక్క మిషను మీద కూర్చున్న పెద్దావిడ తన పని ఆపి, నా ముక్క చేతిలోకి తీసుకుని, ఆ వంకర కుట్టుని దీక్షగా చూసింది.

"బాగుంది హనీ. ఇది ఏ నది మ్యాపు?" అంది.

ట్రాయ్‌కి దగ్గర్లో, పాత కార్లకి కొత్తగా సీట్లు కుట్టే చిన్న షాపు అది. అమెరికాలో, ఎనభైల మొదట్లో మాట. మా ఆయన కార్ల కంపెనీలో గేర్ల డ్రాయింగులు వేసేవారు. నాది పదో తరగతి, అదీ లెక్కల్లో పోయింది. శనివారాలు కలిసే మన తెలుగువాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది డాక్టర్లు. "మీరేం చేస్తారు?" అని అడిగితే "వంట" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, కానీ ఇంటికొచ్చాక ఆ నవ్వే ముల్లులా గుచ్చుకునేది. నాకు వచ్చిన విద్య కుట్టుపని ఒక్కటే. అందుకే ఆ షాపు అద్దం మీద 'కుట్టేవాళ్ళు కావాలి' అన్న కాగితం చూడగానే లోపలికి దూరిపోయాను. ఫోర్‌మన్ నన్నూ, చీర మీద వేసుకున్న మా ఆయన కోటునీ ఎగాదిగా చూసి, "రెండు వారాలు చూస్తాను, ఆ తర్వాత చెప్తాను" అన్నాడు.

షాపు ఇంటికి మైలున్నర. నడిచే వెళ్ళేదాన్ని. ఆ రోడ్డు మీద నడిచే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి రోజూ ఎవరో ఒకరు కారు ఆపి, "కారు చెడిపోయిందా?" అని అడిగేవారు. "అసలు కారే లేదు" అంటే పాపం అన్నట్టు చూసేవారు. నాకేమో భలే సరదాగా ఉండేది. మంచు గడ్డ కట్టిన రోజున బూటుతో అడుగేస్తే అప్పడం నలిపినట్టు చప్పుడు.

గొడవంతా ఆ బూట్లతోనే వచ్చింది. మా తెనాలిలో తొక్కుడు మిషను దగ్గరికి వెళ్ళాలంటే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. మిషనుని కళ్ళకద్దుకున్నాకే కాలు పెట్టాలి. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కుతామా! పైగా మిషను ఎంత కదిలిందో పాదానికి తెలియాలి. ఇక్కడిదేమో కరెంటు మిషను. వడ్లగింజంత ఎక్కువ నొక్కితే చాలు, ఉరుకుతుంది. మంచుబూటులో నా కాలికి ఏమీ తెలియడం లేదు. గుడ్డయితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. తోలు మీద సూది దిగితే ఆ చిల్లు చచ్చేదాకా ఉంటుంది.

పెద్దావిడ కుట్టడం చూడాలి మీరు! అరవై దాటిన మనిషి, వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు. ఆ వేళ్ళ కింద తోలు మాత్రం తమలపాకులా తిరిగేది. మూల వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది, మూల తిరిగాక ఏదో ఒక జోకు వేసేది. ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీ. అయినా పొద్దున్నే వచ్చి, ఈరోజు ఏ కారు వచ్చిందో అని చిన్నపిల్లలా షెడ్డులోకి తొంగిచూసేది. పని అంటే అంత ఇష్టం ఉండొచ్చని నాకు ఆవిణ్ణి చూశాకే తెలిసింది.

మూడోరోజు నేను బల్ల కింద మెల్లగా బూట్లు విడిచేశాను. మేజోళ్ళూ తీసేశాను. అంతే! కుట్టు దారం పట్టి గీసినట్టు వచ్చింది. వారం గడిచేలోగా పైపింగు, అదే సీటు అంచున తాడులా ఉబ్బెత్తుగా వచ్చే తోలుపట్టీ కూడా వేశాను. ఆ ఆనందంలో పాడుకుంటూ కుడుతున్నాను, ఫోర్‌మన్ కింద పడ్డ కత్తెర కోసం వంగాడు.

"నీ బూట్లేవి?"

నేను కాళ్ళు చీర కుచ్చిళ్ళలోకి లాక్కున్నాను.

"ఈ కత్తెర నీ కాలి మీద పడితే వేలు తెగేది. ఇక్కడ బూట్లు లేకుండా ఎవరూ కూర్చోరు. శుక్రవారం బూట్లతో ఒక సీటు వీపు కుట్టి చూపించు. బాగుంటే ఉంటావు, లేకపోతే లేదు." అరవలేదు, విసుక్కోలేదు. దానికే మరీ భయమేసింది.

ఆ సాయంత్రం మా ఆయన చెయ్యి కడుక్కుంటూ, "ఫ్యాక్టరీలో చెప్పుల్లేకుండా కూర్చున్నావా? వ్రతం అనుకున్నావా?" అన్నారు.

"మీ గేర్లు మీరు చూసుకోండి."

"గేర్లే చూస్తున్నా. నీ బూటు అడుగు అంగుళం మందం. నీ కాలు చెప్పిన మాట పెడల్‌కి ఎలా వినపడుతుంది చెప్పు?"

నిజమే. ఆయన నన్ను రెండు షాపులకి తీసుకెళ్ళారు. చలికాలం కదా, ఎక్కడ చూసినా ఇటుకల్లాంటి బూట్లే. గురువారం మళ్ళీ మంచుబూట్లతో కూర్చుని రెండు ముక్కలు పాడుచేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాలుగింటికి పని అయిపోగానే పెద్దావిడ నా కోటు నా మీదికి విసిరి, "పద. మా జట్టు ఆట ఉంది, చూద్దువుగాని" అంది. పడవంత కారులో బౌలింగ్‌కి తీసుకెళ్ళింది. బరువైన బంతి దొర్లించి, చివర నిలబెట్టిన కర్రబొమ్మల్ని పడగొట్టే ఆట. అక్కడ నేల పాడవకుండా వాళ్ళ బూట్లే అద్దెకిస్తారు. ఎవరెవరో తొడిగి విడిచిన బూట్లు! మా అమ్మ చూస్తే గుమ్మంలోనే ఆపి నా నెత్తిన నీళ్ళు పోసేది. ముక్కు ముడుచుకుంటూనే తొడిగాను.

లేచి నిలబడగానే ఆగిపోయాను. పాదం కింద నేల తెలుస్తోంది. ఒక్కో చెక్కకీ మధ్య సందు కూడా తెలుస్తోంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే నా కాళ్ళనే చూస్తూ నవ్వుతోంది.

"ఈ బూట్ల కోసమే నిన్ను తీసుకొచ్చానే. ఆట నీకెలాగూ రాదు" అంది. అది నిజం. నా బంతి ప్రతిసారీ పక్కకాలవలోకే పోయింది. వెళ్ళేముందు ఆవిడ కౌంటర్ అబ్బాయితో బేరమాడి, సగం ఎరుపు, సగం నీలం ఉన్న ఆ పాతజత నాకు ఇప్పించింది.

శుక్రవారం పొద్దున్న అవి తొడుక్కుని కూర్చున్నాను. కానీ బూటుకాలు మిషను మీద పెట్టడానికి మనసొప్పలేదు. రెండు చేతులూ మిషనుకి తాకించి కళ్ళకద్దుకున్నాను.

"ఏం చేస్తోంది?" అన్నాడు ఫోర్‌మన్.

"గుడ్ మార్నింగ్ చెప్తోంది. నువ్వెప్పుడైనా చెప్పావా?" అంది పెద్దావిడ.

నేను కుట్టడం మొదలుపెట్టాను. ఈసారి పాట కూడా పాడుకోలేదు. పక్కలు అయ్యాయి. మూల దగ్గర ఊపిరి బిగబట్టాను. కాలు ఒక్కొక్క కుట్టే అడిగింది, మిషను ఒక్కొక్క కుట్టే ఇచ్చింది.

ఫోర్‌మన్ ఆ సీటు వీపుని వెలుతురులోకి తీసుకెళ్ళి, పైపింగు వెంట బొటనవేలితో చివరిదాకా తడిమాడు. మూల దగ్గర ఆగి, రెండోసారి తడిమాడు. దాన్ని తుక్కుడబ్బా దాటించి, కారుకి వెళ్ళే సీట్ల అరలో పెట్టాడు.

"సోమవారం ఏడింటికి రా" అన్నాడు.

నేను ఆ రంగురంగుల బూట్లతోనే లేచి గంతేయబోయాను. పెద్దావిడ నా భుజం పట్టి కూర్చోబెట్టి, తన బల్ల మీది తోలుముక్కల కట్ట సగం నా వైపు తోసింది.

"సోమవారం దాకా ఎందుకు? ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు."