చూడని సినిమాకు చెప్పిన తీర్పు

సినిమా చూడకుండానే బాగాలేదని చెప్పడంలో నన్ను మించినవాడు తిరుపతిలో లేడని మా లాడ్జీలో అందరూ అనేవాళ్ళు. రిసెప్షన్‌లో కూర్చుని గదుల తాళాలిస్తూ, ఫోన్‌లో ట్రైలర్ ఒక నిమిషం చూసి, "దండగ బొమ్మప్పా, పోవద్దు" అని తేల్చేసేవాణ్ణి. "నువ్వు సూసినావా?" అని ఎవరన్నా అడిగితే ఒళ్ళు మండేది. చూశానని దబాయించేవాణ్ణి.

మా నాయన నగరిలో నేతగాడు. వీధి వీధంతా మర మగ్గాలకు మారినా, ఇంట్లో గుంత మగ్గం తీయనివ్వలేదు. ఒక ఆదివారం నేను ఇంటికి పోతే, అన్నం తింటూ అడిగాడు.

"ఏమిరా, నేతోళ్ల బొమ్మ ఒకటి వచ్చిందంట గదా. సూసినావా?"

పోస్టరు తప్ప నేనేమీ చూడలేదు. కానీ ఆయన ముందు మాత్రం తగ్గుతానా! "సూసినా నాయనా. బాగలేదు."

"మగ్గం నేసేది సూపించినారంట. అదెట్లుండాది?"

హీరో ఎవరో పట్నం కుర్రాడు, వాడికి మగ్గం గురించి ఏం తెలుసని ఊహించేశాను. "అదే మరీ దొంగ నేత నాయనా. నాడె పట్టుకునేదే రాదు వానికి. నువ్వు సూస్తే నవ్వుతావు."

నాయన నవ్వలేదు. "అట్లనా" అన్నాడు. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడుపు బాగాలేదేమో అనుకున్నాను, బుద్ధి లేనివాణ్ణి.

ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు. కర్మలన్నీ అయ్యాక అమ్మ చెప్పింది. ఆ సినిమావాళ్ళు చంద్రగిరి దగ్గర సెట్టు వేసి, హీరోకు నేత రాక, మా నాయనను పిలుచుకుపోయారట. మొహం కనపడదు, చేతులు మాత్రమే చూపిస్తామని ముందే చెప్పారట.

"వానికి సెప్పొద్దే, నా సేతులు వాడే గుర్తుపట్టాల అన్నాడురా. నువ్వు వచ్చిపోయినాక, నాకు పని రాదంటనే, వాడు సెప్పినాడు అన్నాడు. ఆ పొద్దు నుంచి మగ్గం గుంతలో దిగలా."

నా నోరు పడిపోను, ఎంత మాటన్నాను!

ఆ సినిమా ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతుంది. చాలా రోజులు ధైర్యం చాలలేదు. చివరికి ఒక మధ్యాహ్నం లాడ్జీ వెనక మెట్ల మీద కూర్చుని చూశాను. మగ్గం సీను నిమిషం కూడా లేదు. పోగు తెగుతుంది. రెండు చేతులు ఏ తొందరా లేకుండా కొసలు దొరకబుచ్చుకుని ముడేస్తాయి. మళ్ళీ నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతుంది. ఆ ముడి చూస్తూ పెరిగినవాణ్ణి, గుర్తుపట్టకుండా ఉంటానా? వెనక్కి జరిపి జరిపి అదొక్కటే చూశాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

సినిమా నిజంగానే బాగాలేదు, ఆ నేత తప్ప. చూడలేదు నాయనా అని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. యాభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి, తనకు పని రాదని నమ్మి పోయాడు.