మూడు ద్రాక్షల రుచి

మా పక్కింటి బాబాయిగారు కిందటి నెల పోయారు. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలినవారు మరి లేవలేదు. చుట్టరికం ఏమీ లేదు గానీ, యానాంలో నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆయన నాకు బాబాయిగారే.

వయసులో ఉండగా దక్షిణ ఫ్రాన్సులో లాంగ్‌దోక్ అనే చోట ఎర్ర వైన్ పాళ్ళు కలిపే పనిచేశారు. ఆ సంగతి అడిగితే మా అత్తగారి ఆవకాయ దగ్గర మొదలుపెట్టేవారు. "మీ అత్తగారు రంగుకో మిరప, కారానికో మిరప కలపరూ? అక్కడా అంతేనమ్మా. కమ్మదనానికి గ్రెనాష్, రంగుకి సిరా, వగరుకి మూర్వెద్ర్. మూడు రకాల ద్రాక్ష. ఏ ఒక్కటీ పెత్తనం చెయ్యకూడదు."

అక్కడి పాత స్నేహితుడు ఏటా కొత్తగా కలిపిన వైన్ ఒక సీసా పంపేవాడు. పాండిచ్చేరిలో ఉండే మేనల్లుడు దాన్ని తెచ్చి ఇచ్చేవాడు. బాబాయిగారు రుచి చూసి ఉత్తరం రాస్తే, దాన్నిబట్టి అక్కడ పాళ్ళు సర్దుకునేవారు. నాలుగేళ్ళ కిందట జబ్బుచేసి లేచాక ఆయనకు వాసన తెలియకుండా పోయింది.

ఆ ఏడు సీసా పట్టుకుని మా ఇంటికొచ్చారు. "నువ్వు రుచి చూసి చెప్పమ్మా, నేను రాస్తాను. నా సంగతి తెలిస్తే ఇంక నన్నడగడు."

"కోడలు పిల్ల చేత మందు తాగిస్తారా ఏంటండీ?" అన్నారు మా అత్తగారు.

"తాగదండి, ఉమ్మేస్తుంది. అక్కడ రుచి చూసేవాళ్ళందరూ అంతే."

నమ్మకం చాలక ఆవిడే గిన్నె పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డారు. నేను పుక్కిలించి ఉమ్మి, నేరేడుపళ్ళు తిన్నట్టు నాలుక పట్టేసిందని, వెనకాల మిరియాల ఘాటు తగిలిందని చెప్పాను. ఆయన అదంతా ఫ్రెంచిలో రాసుకుంటూ మురిసిపోయారు. తరవాత ప్రతి ఏడూ అంతే. జవాబు వచ్చేదాకా నాకు స్థిమితం ఉండేది కాదు. నేను తప్పు చెబితే పోయేది ఆయన పరువు.

పెద్దకర్మకి వచ్చిన మేనల్లుడు ఈ ఏటి సీసా, దాంతోపాటు ఒక ఉత్తరం తెచ్చాడు. స్నేహితుడికి ఇంకా కబురు తెలియదు. మేనల్లుడు చదివి తెలుగులో చెప్పాడు. "'నీకు వాసన తెలియడం లేదని ఆనాడు నువ్వు రాసినప్పుడు బెంగపడ్డాను. పక్కింటి అమ్మాయి దొరకడం మన అదృష్టం. ఈసారి ఆవిడేమంటుందో రాయి' అంటున్నారండి."

ఎప్పుడో చెప్పేశారన్నమాట. నాకు మాత్రం చెప్పలేదు. ఆయన పరువు కోసమైతే తప్ప నేను ఆ సీసా ముట్టుకోనని ఆయనకు తెలుసు. ముందు కోపం వచ్చింది, తరవాత ఏడుపు ఆగలేదు.

మేనల్లుడు కాగితం తీసి, "ముందు ఏం రాయమంటారండి?" అని అడిగాడు.

సీసా తెరిపించి, ఒక గుక్క పుక్కిలించి ఉమ్మి, రుచే రాయమన్నాను. ఈసారి వగరు ఎక్కువైంది, గ్రెనాష్ ఇంకాస్త పడాలి. అది పూర్తయ్యాకే, కింద ఇంకో వరసలో, బాబాయిగారు పోయారని రాయమన్నాను.