గుండుకు అంటించిన నట్టు

ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: మా పెద్దబాపు గడియారాల దుకాణం మూతపడింది నా వల్లనే.

ఇవాళ మహబూబాబాద్‌లో నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఒక పిల్ల లోలకానికి చెక్క గుండు తీసి ఇనుప గుండు వేలాడదీసింది. ఇరవై ఊపులు లెక్కపెట్టి బిక్కమొహం వేసింది. "మేడం, బరువు పెంచినా గంతే టైమొచ్చింది. తప్పు చేసిన్నా?" "లేదు, గంతే రావాలె" అని చెప్పి, పక్క గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

పెద్దబాపు, అంటే మా నాయిన వాళ్ల అన్న, స్టేషన్ ఘన్‌పూర్ బజారులో గడియారాలు బాగుచేసేవాడు. మనిషి చేతులు చాపితే నిండిపోయే దుకాణం, ఎప్పుడూ కిరోసిన్ వాసన. గోడగడియారాన్ని బాగుచేసి వెంటనే ఇచ్చేవాడు కాదు. ఎనిమిది రోజులు అక్కడే వేలాడదీసి, రోజూ పొద్దున రేడియో టైముతో సరిచూసుకునేవాడు. "పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తవేందయ్యా!" అని గిరాకీలు నవ్వేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా బట్టల సేటు గడియారం వచ్చింది. రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది. బరువెక్కితే గుండు జోరుగా ఊగుతుందనుకున్నాను. పెద్దబాపుకు సాయం చేద్దామని, ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడు సైకిల్ నట్టు ఒకటి లక్కతో గుండు వెనక, కింది అంచున అంటించాను. మర్నాటికి గడియారం ఇంకా వెనకబడింది. తప్పు బరువుది కాదు, నేను అంటించిన చోటుది. కింద చేరిన బరువు లోలకాన్ని పొడుగు చేసినట్టేనని చాలా ఏళ్లకు గానీ చదువుకోలేదు. నట్టు సంగతి తెలియని పెద్దబాపు గుండును పైకి జరిపి టైము కుదిర్చాడు. ఎనిమిదో రోజు సేటు వచ్చే ముందు, దొరికిపోతానని భయపడి నట్టు పీకేశాను.

రెండు రోజులకే సేటు తిరిగొచ్చాడు. "ఏంది పెద్దమనిషీ, మొన్న కుంటింది, ఇయాల ఉరుకుతుంది! నీ చేతుల పస అయిపోయింది పో" అన్నాడు నలుగురి ముందు. పెద్దబాపు తన వేళ్లవంకే చూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరి గడియారమూ ముట్టలేదు.

నెల తిరక్కుండా దుకాణం ఖాళీచేసి భూపాలపల్లిలో కూతురింటికి బయలుదేరాడు. ఆ వానకాలంలో అక్కడే పోయాడు, నేను మళ్లీ చూడలేదు. వెళ్లే రోజు సంచి పట్టుకుని బస్టాండు దాకా వెంట నడిచాను. చెప్పేద్దామనే నడిచాను. భూపాలపల్లికి హన్మకొండలో బస్సు మారాలి. ఎప్పుడూ గంట ఆలస్యంగా వచ్చే హన్మకొండ బస్సు ఆ ఒక్కరోజే టైముకు వచ్చింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే మెట్టు మీద నిలబడి నా తల నిమిరాడు.

"దగ్గరుండి చూసినవ్ గద బిడ్డా, నా చెయ్యే తప్పింది. ఎవలన్న అడిగితె గదే చెప్పు."