చిక్కుడు తీగ ఉన్న మిద్దె

కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలులో మా విలేకరులకు ఒక రోజు శిక్షణ పెట్టారు. గొడవలు జరిగే చోట ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో చెప్తారట. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి తెల్ల చొక్కా నలగకుండా మూడు గంటలు చెప్పాడు. గుంపు మధ్యకు పోవద్దు, ఎత్తైన చోటు చూసుకోండి, బయటపడే దారి ముందే చూసి పెట్టుకోండి, ఇంట్లో చెప్పి వెళ్లండి. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ నేను బుద్ధిగా నోట్సు రాసుకున్నాను. బిర్యానీ తిని, సర్టిఫికెట్ పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఎక్కే మిద్దె ఎవరిదో కూడా ఆలోచించండని ఆయన చెప్పలేదు. ఆయన్ని తిట్టి ఏం లాభం? ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ని నేను.

నెల తిరక్కముందే ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్లో ఇసుక గొడవ మొదలైంది. మా వైపు ఊరికో అభివృద్ధి కమిటీ ఉంటుంది. పేరు అభివృద్ధి, పని పెత్తనం. దాని మాట దాటితే ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. ఆ కమిటీ వాగులో ఇసుకను ట్రాక్టర్ల వాళ్లకు అమ్మేసింది. బోర్లు ఎండిపోయిన చిన్న రైతులు పొద్దున్నే ట్రాక్టర్లకు అడ్డం కూర్చున్నారు. నేను పోయేసరికి కమిటీ మనుషులు కట్టెలు పట్టుకుని వాగు బాటన వస్తున్నారు. నాకు భయమేసింది. భయపడలేదని కోతలు కోసే విలేకరులను చాలామందిని చూశాను, వాళ్లంతా గొడవ సద్దుమణిగాక వచ్చేవాళ్లే.

ఎత్తైన చోటు కోసం చూశాను. వాగు బాట పక్కన ఒక స్లాబు ఇల్లు. గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ముసలామె నన్నూ, నా మెడలో కెమెరానూ చూసి లేచింది.

"ఎక్కు బిడ్డా, జెల్ది ఎక్కు. కింద ఉంటె తలకాయ పలుగుతది. నేను గొళ్లెం పెడత" అంది. నేను సగం మెట్లు ఎక్కాక మళ్లీ పిలిచింది. "గని నా ఇల్లు మాత్రం ఫోటోల పడద్దు బిడ్డా. నువ్వు పోతవ్. నేను గీ ఊర్లెనే ఉండాలె."

"పడదవ్వా, నాది జిమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

పైనుంచి అంతా తీశాను. కట్టె ఎత్తిన చేతులు, ఆ చేతుల వాళ్ల ముఖాలు, నెత్తి పగిలి ఇసుకలో కూలబడ్డ రైతు. ఒకడు తల పైకెత్తేలోపు పిట్టగోడ కిందకు వంగాను. నన్నెవరూ చూడలేదు. తర్వాత అవ్వ వెనక తలుపు తీసి, మక్కచేను గట్టు చూపించింది. ఆ గట్టు పట్టుకుని, దూరంగా దాచిన బండి దగ్గరకు చేరాను. ఒంటి మీద గీత పడలేదు. ఆ తెల్ల చొక్కా పెద్దమనిషి ఉంటే వీపు తట్టేవాడు.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. మా మండలంలో విలేకరులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పోలీసులు, లీడర్లు, కమిటీ పెద్దలు అందరూ అందులోనే ఉంటారు. ఫోటో ముందు పెట్టినవాడే ఆ పూటకు మొనగాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ గ్రూపు తెరిస్తే, ఇంకో పేపరు విలేకరి అప్పటికే మసక మసకగా ఒకటి పెట్టేసి చేతులు జోడించిన బొమ్మలు అందుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా ఫోటో ఉన్నదున్నట్టు గ్రూపులో పడేశాను. పేపరుకు పంపేటప్పుడు మాత్రం అంచులు కత్తిరించి పంపాను. అవ్వ మాట గుర్తుండే కత్తిరించాను. గ్రూపు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఏమైందో ఇప్పటికీ చెప్పలేను.

గ్రూపులో పడిన ఫోటోలో కింది మూలన పిట్టగోడ, దాని మీద పగిలిన నీలం డ్రమ్ము, అందులోంచి పాకిన చిక్కుడు తీగ ఉన్నాయి. ఆ ఊళ్లో మిద్దె మీద చిక్కుడు పెట్టింది ఆమె ఒక్కతే.

మూడో రోజు ఆ ఊరి పేపర్ ఏజెంటు ఫోన్ చేశాడు. "అన్నా, గా వాగు బాట అవ్వను ఊరు బంద్ పెట్టిండ్రే. మైకుల చెప్పిండ్రు. ఎవలు మాట్లాడినా దండుగ కట్టాలెనట. నేను ఫోన్ చేసినట్టు ఎవలకు చెప్పకు."

పోలీస్ స్టేషన్‌కు పోయాను. పాము చావొద్దు, కర్ర విరగొద్దు అన్నట్టు మాట్లాడాడు అక్కడి సారు. ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటే మంచిదట! మా ఆఫీసుకు ఫోన్ చేస్తే, "నీకేం కాలేదు కదా? నువ్వు సేఫ్ కదా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశారు. థూ, ఆ మాట వింటేనే నాకు ఇప్పటికీ కంపరం.

ఆ మధ్యాహ్నమే ఊరికి పోయాను. అవ్వ గడపలోనే ఉంది. చాట ఖాళీగా గోడకు ఆనించి ఉంది. బీడీల కార్ఖానాలో ఆకూ తంబాకూ ఇవ్వడం ఆపేశారట. దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వలేదట. నేను చూస్తుండగానే ఆమె సొంత చెల్లెలు బాటన పోతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అవ్వ ఆమె వెళ్లిన దిక్కే చూస్తూ కూర్చుంది. మిద్దె మీద డ్రమ్ము లేదు. వాకిట్లో ముక్కలై ఉంది, తీగ వాడిపోయింది.

"తప్పు నాదే అవ్వా. నేను రాస్తా. వాళ్ల పేర్లతో సహా రాస్తా. నీ ఫోటో పెట్టి, కలెక్టర్ దాకా పోయేటట్టు..." నేను ఆవేశంగా చెప్పుకుపోతున్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రాస్తవ్ తియ్యి బిడ్డా. ఈసారి ఏడ నిలవడి తీస్తవ్ ఫోటో? ఎవలి మిద్దె ఎక్కుతవ్?"

ఇంతలో వాగు దిక్కునుంచి మోటారు సైకిళ్ల చప్పుడు, కమిటీ వాళ్ల అరుపులు వినిపించాయి. అవ్వ ముందుగా విన్నది. గబగబా లేచి నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగింది, ముందు తలుపు గొళ్లెం పెట్టింది, వెనక తలుపు తీసింది.

"ఎనుక తొవ్వల పో. నిన్ను జూస్తె కొడతరు. పో బిడ్డా, నిలవడకు."

ఆ రోజు ఆమె ముందు గడపలో నేను నిలబడి ఉండాల్సింది. కట్టె దెబ్బలు తిన్నా సరే, ఆమెతో మాట్లాడుతున్నానని ఊరంతా చూడాల్సింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మక్కచేను గట్టునే పట్టుకుని వచ్చేశాను.