పేరమ్మ పిలుపు

మా అత్త పేరమ్మ గురించి ఎవర్నడిగినా నెమ్మదస్తురాలు, మంచిది అంటారు. నెమ్మది మాట నిజమే. మంచితనం సంగతి నాకు తెలుసు, ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర కాపరం చేశాను. ఆమెకి పగ పట్టడం వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. అది తప్పని నేననను. ఆమె పట్టకపోతే నేనే పట్టేదాన్ని, కాకపోతే నాది నోటిదురుసు, నాలుగు తిట్లు తిట్టేసి చల్లారిపోయేదాన్ని.

మా ఊరు చిలకలూరిపేట నుంచి ఆటోలో అరగంట. చుట్టూ మిరప, పత్తి. ఊరి చివర మా పాలెంలో అన్నీ రజకుల ఇళ్ళే. రేవులో బట్టలుతకడం ఎప్పుడో మానేశాం, ఇస్త్రీ బండ్లు పెట్టుకున్నాం. ఒక్క పని మాత్రం మా ఇంటిని వదల్లేదు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా, దినమైనా ఇంటింటికీ వెళ్ళి పిలిచేది మా ఇంటి ఆడదే. మా అత్తకి అత్తగారు పిలిచింది, ఆవిడ తర్వాత మా అత్త. ఇప్పుడు అందరికీ ఫోన్లలో కార్డులొస్తాయి. చూస్తారు, తీసేస్తారు. పేరమ్మ వచ్చి గడప ముందు నిలబడి చెబితేనే మా ఊళ్ళో అది పిలుపు.

అందులో రెండు రకాలు. "ఇంటికొకరు రండి" అంటే ఇంటి పెద్ద వెళ్ళి తినొస్తాడు. "ఇంటిల్లిపాదీ రండి, పొయ్యి వెలిగించొద్దు" అంటే పిల్లాజెల్లా, ముసలీముతకా అందరూ కదలాలి. ఆ పూట ఆ ఇంట్లో ఎసరు పెట్టరు. పెడితే పిలిచినవాళ్ళని అవమానించినట్టే.

మా మామ పానకాలు చనిపోయిన ఏడాదే పంచాయితీ ఎన్నికలొచ్చాయి. మా ఆయన వీరబాబు వార్డు మెంబరుగా నిలబడి, శివనాగరాజు నిలబెట్టిన మనిషిని ఓడించాడు. శివనాగరాజంటే ఊళ్ళో సగం పొలం ఆయనదే, మిగతా ఊరు ఆయన దగ్గర కౌలుకి చేసుకునేదే. గారు అనాలట ఆయన్ని. నేననను. మామ పెద్దదినానికి పేట నుంచి వంటవాళ్ళని పిలిపించి, బడి పక్కన షామియానా వేయించి, ఊరందరికీ వండించాం. అత్త మొగుడు పోయిన దుఃఖంలో గుమ్మం దాటకూడదు కదా, ఆమె మాటగా నేనే వెళ్ళి ఇంటిల్లిపాదీ రమ్మని పిలిచొచ్చాను. వస్తాం వస్తాం అన్నారు అందరూ.

ఒక్క పురుగు రాలేదు. పొద్దున్నే శివనాగరాజు కబురు పంపాడట, పానకాలు దినానికి వెళ్ళినవాడు తన పొలం మరిచిపోవాలని. మామ ఉతికిన బట్టలు కట్టుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు, మామ చేత శవాలకి స్నానాలు చేయించుకున్నవాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నారు. పాలెం వాళ్ళం తిన్నంత తిన్నాం. సాయంత్రానికి అన్నం పులిసిపోతుంటే రేవు పక్కన గొయ్యి తీసి పూడ్చారు. గుమ్మం దాటకూడని అత్త తనే వచ్చి దోసిళ్ళతో మట్టి పోసింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను, ఆమె కంట చుక్క రాలేదు. "ఆయన దినం అవలేదే అమ్మాయ్" అంది. అంతే, మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఏడాది తిరగ్గానే ఆమె మళ్ళీ పిలుపులకి బయలుదేరితే నాకు ఒళ్ళు మండింది. సిగ్గు లేదా, అన్నం పారబోయించినవాళ్ళ గడపలు ఎట్టా తొక్కుతున్నావని నిలదీశాను. ఉన్న నోరు కూడా పోగొట్టుకుంటే మనకేం మిగిలిద్దని అడిగింది. నాకప్పుడు అర్థం కాలేదు, మొద్దు మొహం నాది.

మొన్న మిరపకోతలప్పుడు శివనాగరాజు తల్లి పోయింది. ఆవిడంటే నాకు కోపం లేదు, మంచం పట్టి ఏళ్ళయింది. పెద్దదినానికి ఆయన బస్టాండు దగ్గర ఇంత ఫ్లెక్సీ కట్టించాడు, మాతృమూర్తి అని, దేవత అని. అత్తని పిలిపించి మాత్రం ఇంటికొకరు చాలన్నాడు. పనుల రోజులు, జనాన్ని పోగెయ్యొద్దన్నాడు. అట్టాగే బాబూ అని వచ్చేసింది మా అత్త.

వచ్చి మూకుడు మీద మూకుడు పెట్టినట్టు నోరు మూసుకుని రెండు రోజులు ఊరంతా తిరిగింది. ఏమని పిలిచిందో నాకు కూడా చెప్పలేదు. దినం రోజు తెల్లారగానే పాలెంలో ఆడవాళ్ళందర్నీ మా దొడ్లోకి పిలిచి, ఎవరూ ఆ భోజనానికి వెళ్ళొద్దు, మనింట్లో వంట ఉందని చెప్పింది. డేగిశాలు తెప్పించింది. అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర, చారు. ఇంత ఎవరికే అని అడిగితే, ఉల్లిపాయలు తరగమంది.

ఒంటిగంటకి శివనాగరాజు ఇంటి ముందు చూడాలి. ఆదివారం కూడానేమో, చంటిపిల్లల దగ్గర్నుంచి కర్ర పట్టుకున్న ముసలాళ్ళ దాకా ఊరు ఊరంతా దిగింది. ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. మొదటి బంతి లేచింది, రెండో బంతి సగంలో అన్నం అయిపోయింది. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. వంటవాళ్ళు మొహాలు చాటేశారు. పేటకి మనిషిని తోలితే, హోటల్లో అంత అన్నం దొరకాలంటే సాయంత్రమవుద్దని ఫోనొచ్చింది. పిల్లలు ఆకలికి గుక్క పెట్టారు. నేను గోడ పక్కన నిలబడి కళ్ళారా చూశాను. కడుపు నిండిపోయింది నాకు, నా మాట అబద్ధమైతే చెప్పు తీసుకుని కొట్టండి.

శివనాగరాజు కళ్ళెర్రజేసుకుని వచ్చి అందరి ముందూ నా పక్కనున్న మా అత్తని పట్టుకున్నాడు.

"ఏమని పిలిచావు పేరమ్మా?"

"ఇంటిల్లిపాదీ రమ్మన్నాను బాబూ. అంతటి మహాతల్లి దినానికి ఇంటికొకరే రండని మీరెందుకు చెబుతారు?"

రెండు వైపులా ఇరుక్కున్నాడు ఆయన. చెప్పానంటే అమ్మ దినానికి కూడు లెక్కేసుకున్నాడని ఊరు ఉమ్ముద్ది. చెప్పలేదంటే వండించకపోవడం ఆయన తప్పు. అప్పుడు మా అత్త జనం మధ్యకి నడిచి, గడప గడపకీ చెప్పే ఆ గొంతుతోనే చెప్పింది.

"మా ఇంట్లో పానకాలు పేరున వండాం. ఇంటిల్లిపాదీ రండి."

ఎవరూ కదల్లేదు. అందరూ శివనాగరాజు వైపే చూశారు, సన్నాసులు, అప్పుడు కూడా. ముందు లేచింది ఆయన మేనమామ. చనిపోయినావిడ తమ్ముడు, సింగరాయకొండ నుంచి వచ్చాడు, షుగరు మనిషి, అప్పటికే కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడి ఉన్నాడు. మా అత్త భుజం మీద చెయ్యేసుకుని పాలెం వైపు నడిచాడు. ఆయన వెనక ఒక తల్లి పిల్లాడిని చంకనేసుకుని కదిలింది. ఆ తర్వాత ఊరంతా.

మా దొడ్లో, వీధిలో, ఇస్త్రీ బండ్ల మధ్య ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుని తిన్నారు. మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. తలుపులేసుకున్న మొహాలన్నీ నాకు గుర్తే, ఒక్కొక్కరి విస్తట్లో గరిటె తిరగేసేటప్పుడు, ఇది మా మామ దినం అన్నమండీ, కడుపు నిండా తినండి అని చెప్పి మరీ వడ్డించాను. తల ఎత్తినవాడు లేడు.

ఆ ముసలాయన చెయ్యి కడుక్కుని మేనల్లుడికి కబురు పెట్టాడు. మా అక్క దినానికి వచ్చినవాళ్ళ కడుపు నింపిన ఇల్లు ఇది, నువ్వొచ్చి ఇక్కడ తింటేనే దినం అయినట్టు, లేకపోతే నేనిట్నుంచిటే వెళ్ళిపోతాను, మళ్ళీ నీ గడప తొక్కను అన్నాడు. శివనాగరాజు వచ్చాడు. చెప్పులు వీధిలో విడిచి, మా మామ ఫొటో ముందు నేల మీద కూర్చున్నాడు. నన్ను గరిటె ముట్టుకోనివ్వకుండా అత్త తనే వడ్డించింది. ముద్ద ముద్దకీ ఆయన గుటక వేయలేక చస్తుంటే, ఇంకొంచెం పప్పు వెయ్యనా బాబూ అని అడుగుతా నిలబడింది. ఒక్క మెతుకు కూడా వదలనివ్వలేదు.

ఆయన వెళ్ళాక ఆ విస్తరి ఎత్తుదామని వంగాను. ఉండవే అని తనే ఎత్తి, దొడ్లోకి తీసుకెళ్ళింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. ఖాళీ డేగిశాకి ఆనుకుని, ఎంగిలి విస్తరి ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడుస్తోంది మా అత్త. ఇన్నేళ్ళలో ఆమె ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. ఏమైంది అత్తయ్యా, తిక్క కుదిరిందిగా వాడికి అన్నాను.

"మీ మామ ఇప్పుడు పోయాడే అమ్మాయ్" అంది.