వద్దంటే ఏమైతది?

కెర్నెల్ తయారవుతున్నంతసేపూ నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను గుర్రుమంటుంది. కాసేపటికి లోపలి దుమ్ము వేడెక్కి మాడు వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం జనగామలో రేకుల కప్పు కింద మా ఆఫీసూ, కిటికీ పక్క కుర్చీలో కాళ్లు మడిచి కూర్చుని నా రాతలను ఎర్రపెన్నుతో కొట్టేస్తున్న సుజాతక్కా కనిపిస్తారు. ఇవాళ పొద్దున మరీ దగ్గరగా కనిపించింది. పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

వ్యవసాయ మోటార్లను సెల్‌ఫోన్‌తో నడిపించే డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. డబ్బాలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాని అడుగున ఉండి అన్నిటినీ నడిపించే ప్రోగ్రామే కెర్నెల్. దాన్ని తయారుచేసేటప్పుడే ఏ సదుపాయం లోపల ఉండాలి, ఏది వద్దు అన్న ప్రశ్నలకు వరసగా అవును, కాదు అని జవాబు చెప్పుకుంటూ పోవాలి. ఒక్కో ప్రశ్న కింద నాలుగు లైన్ల వివరణ ఉంటుంది. జవాబు చెప్పే మనిషికి అదే ఆధారం. మా డబ్బా ఒకసారి పొలానికి వెళ్లాక ఆ జవాబు మార్చడం కుదరదు. మా అవసరానికి కొత్త ప్రశ్నలు చేర్చడం నా పని, వాటిని సరిచూడటం అక్క పని.

అక్కది గార్ల దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. "మూడో భాషల చదివేటోళ్లకు ఎరుకైతది, రాసినోడు మనసు పెట్టిండా, చేతులు దులుపుకున్నడా అని" అనేది. నేను దేవరుప్పుల నుంచి రోజూ బస్సులో వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో మహా ధీమాగా రాసేవాణ్ని. ఒకసారి నా వివరణ చదివి తలెత్తింది.

"వోల్టేజి సెన్సరు కావాలంటే అవును అనండి, అని రాసినవ్. గది పేరుల్నే ఉన్నది గదా. వద్దంటే ఏమైతది?"

"పనిచెయ్యదక్కా."

"ఏది పనిచెయ్యది? ఎవలికి? జర ఆ పొలంల నిలబడి చెప్పు."

నాకు ఒళ్లు మండేది. నాలుగు లైన్లకు ఇంత రాద్ధాంతమా అని గొణుక్కునేవాణ్ని. తీరా ఆమె రాసినవి చూస్తే నోరు మూతపడేది. ఒకచోట ఇలా రాసింది: 'దీన్ని తీసేస్తే వోల్టేజి తక్కువగా ఉండే ఊళ్లలో డబ్బా మాటిమాటికీ ఆగిపోతోంది. కారణం నాకు తెలియదు. తెలిసేదాకా ఉంచండి.' తెలియదని రాయడానికి సిగ్గుపడని ఇంజినీరును అంతకుముందు నేను చూడలేదు.

ఆమె వారం రోజులు సెలవు పెట్టినప్పుడు జరిగింది ఆ పని. కరెంటు పోయి వచ్చాక మోటారు దానంతటదే మొదలవ్వాలని కొందరు వరి రైతులు అడుగుతున్నారు. ఆ సదుపాయం రాసి, దానికో ప్రశ్న చేర్చాను. కింద వివరణ: 'రిలే పాత స్థితిని నిలుపుతుంది. అనుమానం ఉంటే అవును అనండి.' రెండో వాక్యం ఎక్కడో చూసి దించింది. అక్క వచ్చేదాకా ఆగాలన్నది నియమం. ఆగితే నా తొందర ఏం కావాలి? మహబూబాబాద్‌లో డబ్బాలు సిద్ధం చేసే వెంకన్నకు పంపేశాను. అతనికి అనుమానం వచ్చింది. అవును అన్నాడు.

ఆ డబ్బాల్లో ఒకటి గార్ల వైపు లచ్చిరాం అనే రైతు బావి మీద బిగించారు. ఒక మధ్యాహ్నం కరెంటు లేదు కదా అని ఆయన మోటారు ముందు కూర్చుని, నీళ్లు కారుతున్న ఇరుసు చుట్టూ తాడు చుడుతున్నాడు. కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి.

యజమాని అందరినీ పిలిచి అడిగాడు. "చూడకుండ ఎట్ల పోయింది గిది? ఎవరు చూసిండ్రు?"

"నేనే చూసిన సార్" అంది అక్క.

ఆమె ఆ ముక్క చూడనేలేదు. అది ఆమె సెలవులో ఉన్నప్పుడే వెళ్లిందన్న సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కొత్త ఉద్యోగం పోతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. అంతకంటే మర్యాదైన కారణమేదీ నా దగ్గర లేదు. మార్పుల చిట్టాలో సరిచూసినవారి చోట ఆమె పేరు ఎక్కింది. సరిచూసే పని ఆమె నుంచి తీసేశారు.

ఆ ఆదివారం అక్క నన్ను రైల్లో గార్ల తీసుకెళ్లింది. లచ్చిరాం మంచం మీద కట్టుతో కూర్చున్నాడు. ఇద్దరూ లంబాడీలో ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు రాసిందేందో పెద్దాయనకు తెలుగుల చెప్పు."

చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నాకైతే సమజ్ కాలే బిడ్డా. నీకైతే సమజైందా?"

ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. తిరుగు రైల్లో అక్క కాగితం చేతికిచ్చి మళ్లీ రాయమంది. కాజీపేట వచ్చేలోపు మూడుసార్లు కొట్టేసింది. చివరికి నిలిచింది ఇది: 'అవును అంటే, కరెంటు రాగానే పక్కన మనిషి ఉన్నా లేకున్నా మోటారు తిరుగుతుంది. చేతికి అందే మోటార్లకు కాదు అనండి. అనుమానం ఉంటే కాదు అనండి.'

కొన్ని నెలలకు భర్త ఉద్యోగం భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. తర్వాత కంపెనీ మూతపడింది. నేను వేరే కొలువులో పెద్దవాణ్నయ్యాను. పండగకో పబ్బానికో ఫోను చేసేవాణ్ని, ఆ ఒక్క మాటా తప్ప అన్నీ మాట్లాడేవాణ్ని. ఆమెకు ఆరోగ్యం బాగాలేదని తెలిసి భూపాలపల్లి బస్సెక్కాను. క్వార్టరు వరండాలో శాలువా కప్పుకుని కూర్చుంది, సగం మనిషి అయిపోయింది. ఇన్నేళ్లకు చెప్పాను.

"అక్కా, ఆనాడు నేను ఒప్పుకోవాల్సింది."

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు ఎరుకే గదా. అండ్ల రాసినవా?"

చిట్టా గురించి అడుగుతోంది. లేదన్నాను. ఇంటికి వెళ్లగానే రాస్తానన్నాను. మూతపడిన కంపెనీ చిట్టా, నా దగ్గర తప్ప మరెక్కడా లేదు, రేపు చూద్దాంలే అని వాయిదా వేసుకుంటూ వచ్చాను. నెలన్నర తిరక్కుండానే కబురు వచ్చింది.

ఇప్పుడు ఎవరి రాత సరిచూసినా నా పేరు పెట్టే ముందు చెయ్యి ఆగుతుంది. అక్కా, నువ్వుంటే బాగుండేదని అప్పుడు పైకే అనుకుంటాను. ఇవాళ పొద్దున ఆ చిట్టా తెరిచి రాశాను: 'ఈ తప్పు నాది. సుజాత ఆ రోజు సెలవులో ఉంది, దీన్ని చూడలేదు.' రాసినవారి చోట నా పేరు పెట్టాను. సరిచూసినవారి చోట ఎవరి పేరు పెట్టాలో తోచక చాలాసేపు కూర్చున్నాను.